ఎలుక ఛాతీలో పిల్లికూతలు

ఎలుకలతో నా పరిచయమంతా బ్యాంకు రికార్డు గదిలోనిది. ముప్ఫై అయిదేళ్ళ ఉద్యోగంలో అవి నా చేత తిన్న తిట్లకు లెక్కలేదు. పాత లెడ్జర్ల అట్టలు కొరికాయి. వోచర్ల కట్టలు గుల్ల చేశాయి. ఆడిట్ వాళ్ళు వచ్చే ముందు బోను తెప్పించి, అందులో వడ ముక్క పెట్టించిన పాపం కూడా నాదే. అలాంటివాణ్ణి, బి.కాం. చదివి జమాఖర్చులు తప్ప మరో శాస్త్రం ఎరగనివాణ్ణి, ఈ వయసులో కూర్చుని ఎలుక గురించి నాలుగు మంచి మాటలు రాస్తున్నానంటే దానికో కారణం ఉంది. ఆ కారణం మా ఇంట్లో మూడు తరాలుగా కాపురముంది.

మా ఇంట్లో దాని పేరు పిల్లికూతలు.

మా నాన్న బళ్ళారి పత్తి మండీలో గుమాస్తా. పగలంతా లెక్కలు రాసి, తలమీద తెల్లగా పత్తి నూగుతో ఇంటికొచ్చేవారు. చలికాలం వచ్చిందంటే రాత్రి రెండు గంటలకు లేచి కూర్చునేవారు. పడుకుంటే ఊపిరాడదు. గోడకానుకుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, దాని మీదికి వంగి, గాలి లోపలికి లాక్కోవడం కన్నా బయటికి పంపడానికే ఎక్కువ అవస్థ పడేవారు. ఆ బయటికొచ్చే గాలితో పాటు సన్నని కూత. పిల్లి పిల్లలు నాలుగు ఒకేసారి మూలుగుతున్నట్టుండేది. ఆ జబ్బును కన్నడం వాళ్ళూ మనమూ కూడా ఉబ్బసమనే అంటాం. పిల్లికూతలన్న మాట మాత్రం మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న తెలుగు.

1985 మాఘమాసంలో మా అక్కను చూసుకోవడానికి ఆదోని నుంచి వచ్చారు. పిల్ల నచ్చింది. మాటలు సాగి పొద్దుపోయింది, ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకున్నారు. ఆ రాత్రే నాన్నకు ఆయాసం ఎత్తుకుంది. వంటింట్లోకి వెళ్ళి తలుపు మూసుకుని, దిండు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పక్కన కూర్చున్నది నేను. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. దిండుకు శబ్దం ఆగుతుందా?

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఉబ్బసం వంశపారంపర్యమని తమ పెద్దలు అంటున్నారనీ, మరోలా భావించవద్దనీ మర్యాదగానే రాశారు. నాన్న ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆ తరవాత దాని ప్రస్తావన మా ఇంట్లో ఎవరూ తేలేదు. నాలుగేళ్ళకు అక్కకు మరో సంబంధం కుదిరింది. బావ మంచివాడు. తమాషా ఏమిటంటే, అరవై దాటిన మా అక్కకు ఈ రోజు వరకూ ఒక్క పిల్లికూత లేదు. పాతికేళ్ళు నిండగానే నాకు మొదలయింది.

1996లో నా పెళ్ళి. ఆ ఉత్తరం మనసులో ఉంది కాబట్టి నేను నోరు విప్పలేదు. ఇన్‌హేలరు బ్యాంకులో నా సొరుగులో, కొత్త చెక్కు పుస్తకాల వెనక ఉండేది. పెళ్ళయిన కొన్ని నెలలకు పండక్కని ఇంటికి సున్నం వేయిస్తే ఆ రాత్రి గుట్టు రట్టయింది. నా భార్య తెల్లవార్లూ వీపు రాసింది. తెల్లవారాక ఒకే మాట అంది. "జబ్బు దాచినందుకు కాదండీ. చెబితే నేను కాదంటాననుకున్నారే, అందుకు బాధగా ఉంది."

ఆ మాటకు ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు.

మా అమ్మాయికి అయిదో ఏట పిల్లికూతలు వచ్చాయి. ఆ రాత్రి దాన్ని భుజాన వేసుకుని తిరుగుతూ, నా ఖాతాలోని బాకీ దాని ఖాతాకు బదిలీ అయిందని అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఇప్పుడు దానికి ఇరవై ఏడు. రోజూ పీల్చే మందుతో ఆరోగ్యంగా ఉంది. బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో పని. చేసే పని ఏమిటంటే, ఉబ్బసం తెప్పించిన చిట్టెలుకల ఊపిరితిత్తుల లెక్కలు చూడటం. ఎలుకల గదిలోకి అది వెళ్ళదు. ఎలుక మూత్రంలో ఉండే ఒక ప్రొటీను గాలిలో కలిసి, పడని మనిషికి ఉబ్బసం రేపుతుందట. అందుకని గది బయట కూర్చుని, వాటి కణాలను, జన్యువులను కంప్యూటరులో లెక్కపెడుతుంది. మా ఇంట్లో మూడో తరం కూడా గుమాస్తా పనే చేస్తోందన్నమాట.

మొన్న దసరా సెలవులకు దాని దగ్గరికి వెళ్ళాను. పోవడానికి అసలు కారణం వేరు. హోసూరులో తరతరాలుగా స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం నుంచి దానికి సంబంధం వచ్చింది. వాళ్ళకు ఉబ్బసం సంగతి చెప్పాలా, పెళ్ళయ్యాక మెల్లగా తెలియనివ్వాలా? అడగలేక అడిగాను. అది వెంటనే జవాబు చెప్పలేదు.

"నాన్నా, అత్త సంబంధం తప్పిపోయినప్పుడు వంశపారంపర్యమని రాశారు గదా. ఆ మాట అబద్ధం కాదు. కానీ అది సగమే. మిగతా సగం మా ఎలుకలు చెబుతాయి, వింటావా?" అంది.

విన్నాను. మూడు సాయంత్రాలు విన్నాను. నాకు అర్థమైనంత వరకు మీకు చెబుతాను.

ఎలుకలకు మనలాగే ఉబ్బసం వస్తుందా అని మొదట అడిగాను. రాదట. మనుషులే తెప్పిస్తారట. కోడిగుడ్డు తెల్లసొనలోని ఒక ప్రొటీనును అల్యూమినియం లవణంతో కలిపి ఎలుక పొట్టలోకి సూదితో ఎక్కిస్తారు. కొన్నాళ్ళాగి మరోసారి ఎక్కిస్తారు. ఒంట్లో దాని మీద వైరం ఏర్పడ్డాక, అదే ప్రొటీనును పొగమంచులా చేసి పీల్పిస్తారు. అప్పుడు ఊపిరితిత్తుల్లో ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలు గుమిగూడతాయి, శ్లేష్మం పేరుకుంటుంది. ఇంటి దుమ్ములో బతికే కంటికి కనబడని పురుగుల సారంతోనూ ఇప్పుడు ఈ పని చేస్తున్నారు. తరవాత మెథాకొలీన్ అనే మందును కొద్దికొద్దిగా పెంచుతూ పీల్పించి, గాలిగొట్టాలు ఎంత ముడుచుకుంటున్నాయో కొలుస్తారు. ఆసుపత్రుల్లో మనుషులకు చేసే పరీక్షలోనూ ఆ మందే.

ఎలుక ఛాతీలో పిల్లిని పెట్టినట్టే గదా అన్నాను. అది నవ్వింది కానీ ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది. పరీక్ష ముగిశాక ఆ ఎలుక బతకదు. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉంది. ఎన్ని ఎలుకలు కావాలో, ఎందుకు కావాలో, ఇంకో దారి ఎందుకు లేదో సంఘానికి రాసి ఇచ్చి అనుమతి తెచ్చుకుంటేనే ఒక్కదాన్నయినా ముట్టుకోవాలి. వడ ముక్క పెట్టి బోను బిగించిన నాకు ఆ మాట విన్నాక కాస్త తల దించుకోవలసి వచ్చింది.

మరి జన్యువు సంగతి ఎలా తేలుస్తారు? అక్కడే అసలు కథ.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో గ్రాన్‌బీ అనే ఊళ్ళో ఎబీ లాథ్రాప్ అనే విశ్రాంత పంతులమ్మ ఉండేది. కోళ్ళు పెంచి, కలిసిరాక, 1900 ప్రాంతంలో ముచ్చటకు పెంచుకునే రంగురంగుల ఎలుకల వ్యాపారం పెట్టింది. ఏ ఎలుకకు ఏది పుట్టిందో పుస్తకాల్లో జాగ్రత్తగా రాసి పెట్టుకునేది. నా మటుకు నాకు ఆమె మీద అక్కడే గౌరవం కలిగింది. క్లారెన్స్ లిటిల్ అనే శాస్త్రజ్ఞుడు 1909లో మొదటిసారి ఒకే వంశం ఎలుకలను తోబుట్టువులతోనే కలుపుతూ పెంచడం మొదలుపెట్టాడు. 1921లో ఆమె ఎలుకల్లో 57వ నంబరు దాని నుంచి ఒక నల్ల వంశం తీశాడు. అదే సి57 బ్లాక్. అదే ఏడాది లియొనెల్ స్ట్రాంగ్ అనే ఆయన తెల్ల ఎలుకలతో ఎ అనే మరో వంశం మొదలుపెట్టాడు. 1929లో లిటిల్ మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బరులో జాక్సన్ లేబొరేటరీ స్థాపించాడు. అక్కడ పెరిగిన తెల్ల వంశానికి ఎ/జె అని పేరు.

మన మేనరికాల్లాంటివా అని అడిగాను. "మేనరికం దీని ముందు ఏపాటి నాన్నా. ఇరవై తరాలకు తక్కువ కాకుండా అన్నాచెల్లెళ్ళనే కలపాలి. అప్పుడు ఆ వంశంలో ఏ రెండు ఎలుకలను తీసుకున్నా కార్బన్ కాపీలే" అంది. అన్నీ ఒకే ప్రతులు కాబట్టి, రెండు వంశాలను ఒకే గదిలో ఒకే తిండి పెట్టి పెంచితే, వాటి మధ్య కనబడే తేడా పుట్టుకతో వచ్చినదే అయి ఉండాలి. మనుషుల్లో ఈ లెక్క వెయ్యలేం. మా అక్కా నేనూ ఒక తల్లి పిల్లలమే అయినా ఒకే ప్రతులం కాము, ఒకే గాలీ పీల్చలేదు.

ఈ తెల్లదానికీ నల్లదానికీ గాలిగొట్టాలను ముడిచే మందు ఇస్తే, తెల్లది గట్టిగా ముడుచుకుపోతుంది. నల్లది పెద్దగా చలించదు. తెల్ల ఎలుకకు ఆ తత్త్వం పుట్టుకతోనే ఉంది. 1988లో లెవిట్, మిట్జ్‌నర్ అనే ఇద్దరు ఈ రెండు వంశాలనూ కలిపి చూశారు. పుట్టిన పిల్లలన్నీ నల్లదానిలాగే నిబ్బరంగా ఉన్నాయి. వాటి తరవాతి సంతానంలో మళ్ళీ కొన్నింటికి తెల్లదాని గుణం బయటపడింది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు ప్రతులూ వస్తేనే బయటపడే ఒకే ఒక్క జన్యువు పని ఇదని అనుకున్నారు. చక్కగా తెగే లెక్క. ఆదోని పెద్దలు విని ఉంటే సంతోషించేవారు.

కానీ లెక్క అంత సులువుగా తెగలేదు. 1995లో ఇంకో బృందం అదే రెండు వంశాల మనవసంతానాన్ని పరీక్షించి, ఒక్క చోటు కాదు, 2, 15, 17 క్రోమోజోముల మీద మూడు చోట్ల ఈ గుణానికి వేళ్ళున్నాయని చూపించింది. 2000 సంవత్సరంలో ఎ/జె వంశాన్నే సి3హెచ్ అనే మరో వంశంతో కలిపి వెతికినవాళ్ళకు 2వ క్రోమోజోము మీద సి5 అనే జన్యువు దొరికింది. సూక్ష్మజీవుల నుంచి ఒంటిని కాపాడే ఒక ప్రొటీనును చేయించే జన్యువది. తెల్ల ఎలుకలో ఆ జన్యువులో రెండంటే రెండక్షరాలు తప్పిపోయాయి, ప్రొటీను తయారు కావడం లేదు. చెక్కు మీద రెండక్షరాలు తప్పితే ఏమవుతుందో తెలిసినవాణ్ణి గనక నాకు అది వెంటనే బోధపడింది. కానీ అదీ అనేక పద్దుల్లో ఒక పద్దే.

"అయితే ఎలుకలో దొరికింది మనిషికి అతుకుతుందా?" అన్నాను. అమ్మాయి రెండు సంగతులు చెప్పింది.

2002లో మనుషుల కుటుంబాలను పరీక్షించి ఆడమ్33 అనే జన్యువుకు ఉబ్బసంతో సంబంధం ఉందని ప్రకటించారు. ఆ జన్యువు లేకుండా చేసిన ఎలుకలను తయారుచేసి చూశారు. అవి చక్కగా పెరిగాయి. ఉబ్బసం తెప్పిస్తే మిగతా ఎలుకలకు వచ్చినట్టే వచ్చింది. 2006లో ఆ ఫలితం అచ్చయింది. ఇది మొదటి సంగతి.

రెండోది దీనికి తిరగేసినట్టుంటుంది. 2007లో మనిషి 17వ క్రోమోజోము మీద ఒక చోటు, పసితనంలో వచ్చే ఉబ్బసంతో గట్టిగా ముడిపడి ఉందని తేలింది. అక్కడ పక్కపక్కనే కొన్ని జన్యువులున్నాయి. వాటిలో గ్యాస్‌డెర్మిన్-బి అనేది ఎలుకకు అసలు లేదు! లేనిదాన్ని ఎలుకలో ఎలా పరీక్షిస్తారు? మనిషి జన్యువునే తీసుకెళ్ళి ఎలుకలో పెట్టారు. 2016లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం, ఆ ఎలుకల గాలిగొట్టాల గోడలు మందమయ్యాయి, ముడుచుకునే గుణం పెరిగింది. వాపు కణాలు గుమిగూడకుండానే అలా జరిగింది. అంటే ఎలుక మనకు నకలు కాదు. సాక్షి. అడిగినదానికి మాత్రమే, తనకు తెలిసినంత వరకే చెబుతుంది. ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పకూడదని మా విచారణల్లోనూ నియమం ఉంది.

మూడో సాయంత్రం అమ్మాయి చెప్పిన సంగతి నన్ను నిద్ర పోనివ్వలేదు.

అమెరికాలో ఆమిష్, హటరైట్ అని రెండు సమాజాలున్నాయి. రెండూ యూరప్ నుంచి వలస వెళ్ళి, తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ, పొలం పనులతో బతికేవి. రక్తం చూస్తే దగ్గరదగ్గరగానే ఉంటుంది. కానీ ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం నూటికి 5 మందికి ఉంటే, హటరైట్ పిల్లల్లో నూటికి 21 మందికి. తేడా ఎక్కడంటే, ఆమిష్ వాళ్ళది పాతకాలపు సేద్యం. పశువుల కొట్టం ఇంటికి ఆనుకునే ఉంటుంది, పిల్లలు అందులోనే ఆడతారు. హటరైట్ వాళ్ళది యంత్రాల సేద్యం. పశువులు ఇళ్ళకు దూరంగా ఉంటాయి. పరిశోధకులు రెండు చోట్లా ఇళ్ళలోని దుమ్ము సేకరించి, దాని సారాన్ని కొన్ని వారాల పాటు ఎలుకల ముక్కుల్లో వేస్తూ, మరోవైపు ఉబ్బసం తెప్పించి చూశారు. ఆమిష్ ఇళ్ళ దుమ్ము ఎలుకలను కాపాడింది. హటరైట్ ఇళ్ళ దుమ్ము కాపాడలేదు. 2016లో ఈ పరిశోధన అచ్చయింది. ఇంకో మెలిక కూడా ఉంది. సూక్ష్మజీవులను పసిగట్టే వ్యవస్థకు కావలసిన రెండు జన్యువులు లేని ఎలుకలకు ఆ మంచి దుమ్ము వేసినా గుణం కనబడలేదు. జన్యువు ఉండాలి, దానికి తగిన దుమ్మూ ఉండాలి. ఒంటి చేత్తో ఏదీ పని చెయ్యదు.

మా అక్క పదేళ్ళు వచ్చేదాకా మా అమ్మమ్మ ఊళ్ళో, పశువుల కొట్టంలో, పేడ చేతులతో పెరిగింది. నేను పత్తి మండీ వెనక సందులో పెరిగాను. అలాగని మా అక్కను ఆవులు కాపాడాయని నేను రాయను. ఒక అక్కా ఒక తమ్ముడూ ప్రయోగం కాదు, ఇద్దరే మనుషులు. కానీ ఆ రాత్రి ఒక సంగతి మాత్రం నాకు స్థిరపడింది. ఇన్నేళ్ళూ నేను తప్పు పద్దులో రాసుకున్నాను.

బ్యాంకు బ్యాలెన్సు షీటులో అప్పులూ ఆస్తులూ కూడి సరిచూసిన తరవాత, కింద విడిగా ఒక పద్దు ఉంటుంది. 12వ షెడ్యూలు. కంటింజెంట్ లయబిలిటీ అంటారు. ఒకరికి మనం హామీ ఇచ్చి ఉంటాం. అతను కట్టకపోతే ఆ బరువు మన మీద పడుతుంది. కడితే పడదు. అది ఈ రోజు అప్పు కాదు. అలాగని లేనిదీ కాదు. దాన్ని అప్పుల్లో కలిపి రాస్తే తప్పు, అసలు రాయకుండా దాచితే అంతకన్నా పెద్ద తప్పు. అప్పు ఉన్నవాణ్ణి ఎవరూ నేరస్థుడనరు. దాచినవాణ్ణి అంటారు.

నాన్న మాకిచ్చింది అప్పు కాదు, ఈ పద్దు. అక్క విషయంలో అది ఎన్నడూ అప్పుగా మారలేదు. నా విషయంలో మారింది. ఆదోని వాళ్ళు దాన్ని అప్పని రాశారు. నేను అసలు రాయకుండా దాచాను. ఇద్దరిదీ తప్పు లెక్కే. వాళ్ళది తెలియక చేసినది. నాది తెలిసి చేసినది.

బళ్ళారి తిరిగొచ్చాక హోసూరుకు ఉత్తరం రాశాను. ఫోను చెయ్యవచ్చు. కానీ ఉత్తరంతో పోయిన మాట ఉత్తరంతోనే రావాలనిపించింది. మా నాన్నగారికి ఉబ్బసం ఉండేదని, నాకు ఉందని, అమ్మాయికి అయిదో ఏట నుంచి ఉందని, రోజూ మందు పీలుస్తూ ఉద్యోగం చేసుకుంటోందని రాశాను. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం కొంత ఎక్కువేనని, వచ్చి తీరుతుందని కాదని, ఒక్క జన్యువుతో తేలే లెక్క కాదని రాశాను. ఏ డాక్టరునైనా అడిగి తెలుసుకోవచ్చని, కాదనుకున్నా మేం మరోలా భావించమని ముగించాను. ఆ చివరి మాట రాస్తుంటే చెయ్యి కొంచెం ఆగింది.

దీపావళికి అక్క వచ్చింది. పోస్టు చెయ్యక ముందే ఆమెకు చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ చాలాసేపు కూర్చుంది.

"నాన్న కూడా ఆ పొద్దు ఇట్ల ముందే రాసి ఉంటే?" అన్నాను.

"అప్పుడూ వద్దనే అనేవాళ్ళులేప్పా" అంది. కాసేపాగి, "కానీ ఆ రాత్రి ఆ దిండు నోటికి పెట్టుకోకుండా కూర్చునేవాడు గదరా" అంది.

ఉత్తరం ఆమే తీసుకెళ్ళి డబ్బాలో వేసింది. ఇది రాసే నాటికి హోసూరు నుంచి జవాబు ఇంకా రాలేదు. ఆయాసం లేకుండానే ఎదురు చూస్తున్నాను.